ఫోమ్ కొట్టించే ముందు ఒక్క మాట

ఒరే నాన్నా,

మిషిగన్‌లో పాత ఇల్లు కొన్నావనీ, చలికాలం రాకముందే స్ప్రే ఫోమ్, అంటే ఇంట్లో వేడి బయటికి పోకుండా చిమ్మించే నురగ, కొట్టించాలని చూస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. కొటేషన్ మీద సంతకం పెట్టకముందే ఇది చదువు.

ఈ ఫోమ్ రెండు రకాలు. ఓపెన్ సెల్ మెత్తగా స్పాంజిలా ఉంటుంది, అంగుళం మందానికి ఆర్ విలువ, అంటే వేడి పోకుండా ఆపే శక్తి, 3.5 పైచిలుకు. క్లోజ్డ్ సెల్ గట్టిగా ఉంటుంది, 6 నుంచి 7 దాకా వస్తుంది, ధరా ఎక్కువే. అందరూ ఈ అంకెలూ ధరా చూసి తేల్చేసుకుంటారు, నేనూ అదే చేశాను. అసలు చూడాల్సింది తేమ. చలికాలంలో వంటలోంచీ స్నానాల్లోంచీ పుట్టిన ఆవిరి బయటి చల్లటి చెక్క వైపు పోతుంది, ఓపెన్ సెల్ గాలిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు, అది చెక్క దగ్గర నీరై కూర్చుంటుంది. మా బేస్‌మెంట్‌లో పునాది గోడ మీద చుట్టూ ఉండే రిమ్ జాయిస్ట్ అనే చెక్క దూలానికి చవకగా వస్తుందని ఓపెన్ సెల్ కొట్టించాను. మూడో చలికాలానికి బూజు వాసన మొదలైంది, కాస్త గీకి చూస్తే చెక్క నల్లబడిపోయి, వేలికి తడి తగిలింది. మొత్తం పీకించాల్సొచ్చింది.

అందుకే అక్కడ నువ్వు క్లోజ్డ్ సెల్లే వేయించు, కనీసం 2 అంగుళాలు. హ్యూస్టన్‌లో మీ అన్న అటకలో ఓపెన్ సెల్ ఉంది కదా అని పోల్చుకోకు, అక్కడ ఇంత చలి లేదు, పైగా వాళ్ల ఏసీ డక్టులన్నీ అటకలోనే ఉన్నాయి. నీ అటకలో డక్టులు లేకపోతే ఫోమే అక్కర్లేదు, సందులు మూసి అటక నేల మీద సెల్యులోజ్, అంటే పాత కాగితాల తురుము, పోయించు, డబ్బు మిగులుతుంది.

క్లోజ్డ్ సెల్ ఒకేసారి మందంగా కొడితే లోపల వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉంది, పొరకి 2 అంగుళాలు మించొద్దని ముందే చెప్పు. కొట్టాక కనీసం 24 గంటలు ఇంట్లో ఎవరూ ఉండకూడదు, పాపతో అయితే ఇంకో రోజు ఆగినా తప్పులేదు. తిరిగొచ్చాక చేపల వాసన వస్తే రసాయనాలు సరిగ్గా కలవలేదేమో అని అనుమానించాలి, వాళ్లని మళ్లీ పిలిచి చూపించేదాకా చివరి చెక్కు ఇవ్వకు.

ఇంకోటి, నీ గ్యాస్ వాటర్ హీటర్ పొగగొట్టం ఉన్న పాత రకమైతే, ఇల్లు బిగుతయ్యాక కార్బన్ మోనాక్సైడ్ లోపలికే తన్నుకు రావచ్చు. ఫోమ్‌కి ముందు దాన్ని మనిషిని పిలిచి చూపించు, అలారాలు పెట్టించు. ఈ విషయంలో నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

కొటేషన్ ఫోటో వాట్సాప్‌లో పంపు, ఆదివారం చూసి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న