సొట్ట ఏదిరా అని అడిగాడు అన్నయ్య

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక ఆయన 1979 మోడల్ యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ ఆరేళ్లు పశువుల పాకలో తుప్పు పట్టింది. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య ఒక్కసారీ పట్టించుకోలేదు. పోయినేడాది నేనే లక్షా పదివేలు పెట్టి, ఎనిమిది నెలలు మెకానిక్ చుట్టూ తిరిగి బాగు చేయించాను. సంక్రాంతికి వచ్చిన అన్నయ్య చూసీ చూడగానే ‘ట్యాంకు మీద సొట్ట ఏదిరా?’ అన్నాడు. మర్నాడు ‘ఖర్చు ఇచ్చేస్తా, బండి నాకిచ్చెయ్, పెద్దకొడుకుని’ అన్నాడు. మాటా మాటా పెరిగింది. అప్పటినుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ రోజూ ఏడుస్తోంది. బండి ఎవరిది?

జవాబు: ముందు మీ కష్టం గురించి. మైసూరులో యెజ్డీ బండ్లు తయారుచేసిన ఫ్యాక్టరీ మూతపడిందే 1996లో. అసలు సామాను దొరకడం ఎంత కష్టమో, దొరికినది సరిపోక మళ్లీ వెతకడం ఎంత విసుగో నాకు తెలుసు. అంత చేశాక ‘ఖర్చు ఇచ్చేస్తా’ అంటే ఎవరికైనా మనసు విరుగుతుంది. ఆ మాట మీ అన్నయ్య అనకూడదు.

కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ మాట కాదు, అంతకు ముందురోజు మాట. సొట్ట ఏదని అడిగాడు. ఆ సొట్ట ఎలా పడిందో మీరు రాయలేదు. మీకు తెలుసా? బండి నేర్చుకుంటూ ఆయనే పడేశాడేమో, నాన్నగారు తిట్టకుండా ఊరుకున్నారేమో. నేను ఊహిస్తున్నానంతే. పెయింటర్ మంచి పనే చేశాడు, మీరూ ప్రేమతోనే చేయించారు. అయినా మీ అన్నయ్య గుర్తుపట్టే నాన్న ఆ ట్యాంకు మీద కనబడలేదు. మర్నాడు బండి కావాలన్నది ఆ బాధలోంచేనని నా నమ్మకం. ఆరేళ్లు పట్టించుకోలేదంటున్నారు. పోయిన మనిషి బండిని చూడలేక పాకవైపే వెళ్లనివాళ్లూ ఉంటారు.

ఇక ఎవరిదంటే, నాన్నగారు వీలునామా రాయకపోతే, మీరిద్దరే సంతానమైతే, నాయనమ్మ కూడా లేకపోతే, అమ్మగారికీ మీ ఇద్దరికీ సమాన హక్కు. పెద్దకొడుకని ఎక్కువ రాదు, బాగు చేయించినందుకు మొత్తం రాదు. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే ఫారం 31తో వారసుల పేరుకు మార్పించాలి. అమ్మగారి పేరు పెట్టమంటాను. ఆ బండి వెనక సీట్లో ఎక్కువ కాలం కూర్చున్నది ఆవిడే కదా. మిగతా వారసులకు అభ్యంతరం లేదని ఆర్టీవో ఆఫీసులో మామూలుగా అడుగుతారు కాబట్టి మీ అన్నయ్య సంతకం ఎలాగూ కావాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, అదీ చూసుకోండి. ఇన్సూరెన్స్ కూడా లేకుండా రోడ్డెక్కించకండి.

బండి మాత్రం మీ దగ్గరే ఉండాలి. అది అన్యాయం కాదు, అవసరం. నెలల తరబడి నిలబెడితే ట్యాంకులో పెట్రోలు పాడై కార్బురేటర్ పూడుకుపోతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవరు కప్పుకుని మళ్లీ తుప్పు పడుతుంది. గొడవెందుకని ఎవరూ ముట్టకుండా తాళం వేయడమూ వద్దు.

ఫోన్ మీరే చేయండి. బండి సంగతి ఎత్తకుండా ‘అన్నయ్యా, ఆ సొట్ట ఎలా పడింది?’ అని అడిగి, ఎంతసేపు చెప్పినా వినండి. తర్వాత రమ్మనండి. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి లేపితే కిక్ రాడ్డయ్యే బండి అది. తెల్లవారుజామున చల్లటి ఇంజన్ని నాన్నగారు ఎన్ని కిక్కులకు లేపేవారో, పెట్రోల్లో ఆయిల్ ఎలా కొలిచి పోసేవారో మీకంటే పెద్దవాడు కాబట్టి ఆయనకే బాగా గుర్తుండొచ్చు. చూపించమనండి. వచ్చిన ప్రతిసారీ తాళం ఆయన చేతికే ఇవ్వండి.

ఇంకొకటి. తీసేసిన పాత సామాను, హ్యాండిల్ గ్రిప్పులో, మీటరో, మెకానిక్ షెడ్డులోనే పడి ఉండొచ్చు. పాత ఇనుముకి వెళ్లకముందే రేపే వెళ్లి తెచ్చుకోండి. అందులో ఏది కావాలంటే అది మీ అన్నయ్యను తీసుకోమనండి.