ఇంజన్‌కి ముందు సిగ్నల్ కట్టు

చిరంజీవి వంశీకి,

పెదనాన్న ఆశీస్సులు. డబ్ల్యూపీ అనే పాత ఆవిరి రైలింజన్ మోడల్ మొదలుపెడుతున్నానని, ఇత్తడి రేకు కూడా కొనేశానని రాశావు. చాలా సంతోషమేసింది. కానీ ఆ రేకు కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు ఒక పాత రెక్క సిగ్నల్ కట్టు.

అందులో పెద్దగా ఏముంటాయి? స్తంభం, రెక్క, లాగే తీగ, కింద బరువు. రెక్క అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే వెళ్లొచ్చు. తీగ తెగిపోతే ఆ బరువే రెక్కని మళ్లీ అడ్డంగా నిలబెడుతుంది. అందుకే దాన్ని ఊరికే అలంకారానికి అతికించకు. నీ మోడల్‌లోనూ తీగ వదలగానే రెక్క దానంతటదే లేవాలి. లేవకపోతే టంకం పాకి కీలు పట్టేసిందని అర్థం. కీలు దగ్గర టంకం పెట్టేటప్పుడు రెండు రేకుల మధ్య నూనె రాసిన పల్చటి కాగితం ముక్క దూర్చు. టంకం అవతలికి పాకదు. అతికాక కాగితం లాగేసెయ్.

రెక్క ముందువైపు ఎరుపు, చివర్లో తెల్ల పట్టీ. వెనకవైపు తెలుపు మీద నల్ల పట్టీ. వెనకవైపు రంగు చాలామంది మర్చిపోతారు. ఇంకోటి, రాత్రి కనబడడానికి దీపం ముందుకొచ్చే ఆకుపచ్చ అద్దం నిజానికి నీలి ఛాయలో ఉండేది. కిరోసిన్ దీపం పసుపు వెలుగు దాని గుండా వస్తేనే పచ్చగా కనిపించేది. కోఠి గుజరాతీ గల్లీలో ఎల్‌ఈడీ కొనేటప్పుడు తెల్లది కాకుండా వార్మ్ వైట్ అడుగు.

ఇక ఇంజన్. 1:87 స్కేలుకి, అంటే అసలుదాంట్లో 87వ వంతుకి, రెడీమేడ్‌గా దొరికే ట్రాక్ 16.5 మి.మీ. అది 1435 మి.మీ. గేజుకి, అంటే రెండు పట్టాల మధ్య దూరానికి, లెక్క. మన బ్రాడ్ గేజ్ 1676, అంటే 19.3 మి.మీ. రావాలి. అంత కచ్చితంగా కావాలంటే పట్టాలన్నీ నువ్వే వేసుకోవాలి. మొదటి ఇంజన్‌కి 16.5 చాలని నా అభిప్రాయం. డబ్ల్యూపీ పెద్ద చక్రం 1705 మి.మీ., నీ మోడల్‌లో 19.6 అవుతుంది.

అసలు కష్టం చక్రాల దగ్గరే. ఒక పక్క క్రాంక్ పిన్ (చక్రానికి రాడ్ తగిలించే మేకు) పైకి ఉంటే రెండో పక్కది 90 డిగ్రీల తేడాలో ఉండాలి. ఒక సిలిండర్ తోయలేని చోట రెండోది తోస్తుంది, అందుకే నిజం ఇంజన్ ఎక్కడ ఆగినా కదలగలదు. మూడు ఇరుసులకీ ఆ కోణం ఒకేలా కుదరాలి. మోటర్ పెట్టకముందే చక్రాలన్నిటినీ కలిపే సైడ్ రాడ్లు తగిలించి, అద్దం పలక మీద వేలితో తోసి చూడు. ఎక్కడో ఒకచోట తట్టుకుంటే రాడ్ రంధ్రాలు పెద్దవి చేసేయకు, ముందు ఇరుసుల కోణం సరిచూడు. ఇది సాఫీగా దొర్లేదాకా ఇంజన్ ముక్కు మీది నక్షత్రం అలంకారం జోలికి వెళ్లొద్దు.

పెయింట్ స్ప్రే మాత్రం ముసురు రోజుల్లో కొట్టకు, తేమకి తెల్లబారుతుంది.

శనివారం ఖాళీ చేసుకో. రాణిగంజ్ వెళ్లి 0.5, 0.8 మి.మీ. డ్రిల్ బిట్లు, సన్న ఆకురాళ్లు కొనుక్కొద్దాం.

మీ పెదనాన్న