1940ల వీకెండ్‌కి పిల్లల్ని తీసుకెళ్తున్న మేనకోడలికి

చి.సౌ. స్వాతికి,

మామయ్య ఆశీస్సులు. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్ని వేషాలతో, పాత సామానుతో గుర్తుచేసుకునే 1940ల వీకెండ్ మీ ఊరి కంట్రీ పార్కులో ఉందని, యుద్ధం అంటే పిల్లలు బెదిరిపోతారేమోనని ఫోన్లో అన్నావు. ఏమీ బెదరరు. కాకపోతే తిరనాళ్ళలో తిరిగినట్టు అన్ని గుడారాలూ చుట్టేసి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తే దండగ. రెండు మూడు చోట్ల తీరిగ్గా కూర్చోండి, చాలు. ఆ యూనిఫాంలు వేసుకున్నవాళ్ళలో చాలామంది సొంత డబ్బు పోసి ఆ సామానంతా కూడబెట్టుకున్న సరదాగాళ్ళు. అడిగే మనిషి దొరికితే వాళ్ళకి పండగే. అందుకే గేటు తీయగానే వెళ్ళు. మధ్యాహ్నం ఉత్తుత్తి యుద్ధం మొదలయ్యాక ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.

ముందు రేషన్ బల్ల దగ్గర ఆగు. ఒక మనిషి వారం రేషన్ ఒక్క పళ్ళెంలో పట్టేస్తుంది. కొలతలు అప్పుడప్పుడూ మారేవి కానీ, సుమారుగా 57 గ్రాముల వెన్న, అంతే టీ పొడి, పావుకిలోకి కాస్త తక్కువ పంచదార, ఒక గుడ్డు. ఆ వెన్న మీ చిన్నాడికి ఒక పూట దోసెలకే చాలదు. మిఠాయిలకి 1942 జులైలో రేషన్ పెట్టి, 1953 ఫిబ్రవరిలో గానీ ఎత్తెయ్యలేదని చెప్పు. యుద్ధం 1945లోనే అయిపోయిందిగా అని పెద్దది తప్పకుండా అడుగుతుంది. జవాబు నువ్వు చెప్పకు, బల్ల వెనకున్న ఆవిడనే అడగమను.

తర్వాత కోటుకి పేరు చీటీ కట్టుకున్న పిల్లల బొమ్మలో, వేషాలో ఉంటాయి. బాంబుల భయంతో 1939 సెప్టెంబర్ 1 నుంచి కొద్ది రోజుల్లోనే దాదాపు 15 లక్షల మందిని పట్నాల నుంచి పల్లెలకి పంపేశారు. బడి పిల్లలు టీచర్ల వెంట వెళ్ళారు, ఐదేళ్ళ లోపు పిల్లలతో తల్లులు వెళ్ళారు. అంటే చిన్నాడితో నువ్వు, టీచర్ వెంట పెద్దది. ఆ లెక్కన చెప్తే వాళ్ళకి ఇట్టే ఎక్కుతుంది. పనిలో పనిగా మన సంగతీ చెప్పు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మీ అమ్మమ్మ వాళ్ళు కాకినాడ వదిలి బండి కట్టుకుని పల్లెకి పోయింది ఆ తర్వాతే.

మనవాళ్ళు కూడా పోరాడారా అని పిల్లలు అడిగితే తడుముకోకు. 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో చేరారు. కంచరగాడిదలతో ఫ్రాన్స్‌కి వచ్చిన మన దళం 1940లో అక్కడి డన్‌కిర్క్ రేవు నుంచి ఈ దేశానికే చేరింది. గాడిదల్ని మాత్రం అక్కడే వదిలేయాల్సి వచ్చింది. పిల్లలకి ఇదే బాగా గుర్తుంటుంది, చూడు.

గ్యాస్ మాస్క్ చూస్తే ఏ పిల్లాడైనా మొహానికి పెట్టుకోబోతాడు. అసలు పాతవైతే వద్దను. వాటి ఫిల్టర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

ఇంకొకటి, ఇది ఇంట్లోనే చెప్పి బయల్దేరు. కుటుంబాలు వచ్చే చోట నాజీ గుర్తులు చాలావరకు ఉండనివ్వరు, అయినా ఎక్కడో ఒక ఫొటోలో కనిపిస్తుంది. మన గుమ్మం మీదుండే స్వస్తికే అనుకుని చిన్నాడు అందరి ముందూ గట్టిగా అరిస్తే నీకు టెన్షన్. మనది వేల ఏళ్ళ నాటి మంగళ గుర్తు, దాన్నే వాళ్ళు చెడ్డ పనికి వాడుకున్నారు అని రెండు ముక్కల్లో చెప్పేయ్.

తుపాకుల్లో ఉత్త మందే, కానీ చప్పుడు గుండె అదిరేట్టు ఉంటుంది. చెవులకి పెట్టే మఫ్స్ మర్చిపోకు. సైరన్ హెచ్చుతగ్గులుగా మోగితే ప్రమాదం, ఒకే తీరుగా మోగితే గండం గడిచినట్టు. ఇది నేర్పిస్తే వాళ్ళకి భయం పోయి ఆటలా ఉంటుంది.

తిండికి ఎక్కువగా బర్గర్లే దొరుకుతాయి, పులిహోర కట్టుకెళ్ళు. పార్కింగ్ గడ్డిలోనే, వాన పడితే బురద. వెల్లీలు, అదే రబ్బరు బూట్లు, కారులో పడెయ్. వేషం వేసుకోవాలని ఉంటే గౌను కోసం వెతుక్కోవద్దు. అప్పటి మన మహిళా సైనిక దళంలో ఖాకీ చీరలు కట్టేవాళ్ళు. అత్తయ్య దగ్గర అదే రంగు నేత చీర ఉంది, అడిగితే ఇస్తుంది.

మామయ్య