గేలిక్ ఫుట్‌బాల్ కొత్తగా చూసేవాళ్లు ఏ సీజన్‌తో మొదలుపెట్టాలి? 2024తో

ఐర్లండ్‌కి కొత్తగా వచ్చాను, వేసవి వస్తే చాలు ఆఫీసులో అందరూ కౌంటీ ఫుట్‌బాల్ గురించే మాట్లాడుతున్నారు, పాత సీజన్లలో ఏది చూస్తే ఈ ఆట తలకెక్కుతుంది అని అడిగారు కదా. 2024 చూడండి. కౌంటీ జట్ల మధ్య జరిగే ఆల్ ఐర్లండ్ ఛాంపియన్‌షిప్‌ని అర్మా కౌంటీ గెలిచిన ఏడాది. నేను ఉండేది డండాక్‌లో, లౌత్ కౌంటీ. కారెక్కి కాసేపు పోతే బోర్డర్ దాటి దక్షిణ అర్మా వచ్చేస్తుంది. అప్పటి మా టీమ్ లీడ్‌ది అక్కడే ఒక పల్లె, ఆ ఏడాది నేను చూసిన మ్యాచ్‌లన్నీ ఆయన పుణ్యమే.

ముందు స్కోరు చదవడం వచ్చేస్తే సగం పని అయిపోయినట్టే. హెచ్ ఆకారంలో ఉండే గోల్‌పోస్టులో అడ్డకర్ర కింద నెట్‌లోకి పడితే గోల్, దానికి మూడు పాయింట్లు. పైనుంచి పోతే 2024లో ఒక పాయింటు. 1-11 అని రాస్తే ఒక గోల్, పదకొండు పాయింట్లు, మొత్తం పద్నాలుగు. జట్టుకి పదిహేను మంది, పెద్ద మ్యాచ్ అయితే 70 నిమిషాలు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు కానీ నాలుగు అడుగులు దాటి అలాగే పట్టుకుని పరిగెత్తకూడదు, నేలకి కొట్టాలి, లేదా కాలి వేళ్లతో తన్ని మళ్లీ చేతిలోకే తెచ్చుకోవాలి. వరసగా రెండుసార్లు నేలకి కొట్టకూడదు. ఒక్క మ్యాచ్ చూస్తే ఇదంతా కళ్లకి అలవాటైపోతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఆడేవాళ్లకి జీతం లేదు. ఆదివారం ఎనభై వేల మంది ముందు ఆడినవాళ్లలో టీచర్లుంటారు, రైతులుంటారు, సెలవు తీసుకోకపోతే సోమవారం పనిలోకి పోవాల్సినవాళ్లే. పైగా ఏ కౌంటీలో పెరిగితే దాదాపుగా ఆ కౌంటీకే ఆడతారు, డబ్బిచ్చి కొనుక్కోవడం అనే మాటే ఉండదు. మా తెనాలి వైపు సంక్రాంతి కబడ్డీ పోటీల్లో మంచి ఆటగాడు కావాలంటే పక్క మండలం నుంచి డబ్బులిచ్చి పిలిపించుకోవడం మామూలే, చిన్నప్పటి నుంచి అదే చూసిన నాకు ఇక్కడి పద్ధతి మొదట్లో నమ్మబుద్ధి కాలేదు. మంచి ఫార్వర్డ్ లేడా, లేనట్టే, ఊళ్లో పుట్టే దాకా ఆగాల్సిందే. అందుకే ఇక్కడ ఓటమి ఇంట్లో మనిషికి తగిలిన దెబ్బలా ఉంటుంది.

ఇంకో విషయం, అర్మా ఉన్నది ఉత్తర ఐర్లండ్‌లో, అక్కడ చెల్లేది పౌండు, కానీ ఈ ఆటకి బోర్డర్ లేదు. ద్వీపమంతటికీ ఒకటే ఛాంపియన్‌షిప్, ముందు ప్రావిన్సులవారీగా ఆడతారు, లండన్, న్యూయార్క్ జట్లు కూడా కానాక్ట్ ప్రావిన్సులో ఆడతాయి. 2024 ఫైనల్‌కొచ్చిన గాల్వే తన మొదటి మ్యాచ్ ఆడింది లండన్ వెళ్లి రైస్లిప్‌లోనే.

ఇక అర్మా సంగతి. అప్పటికి వాళ్లకున్నది ఒకే ఒక్క ఆల్ ఐర్లండ్, 2002లో కెర్రీ మీద 1-12, 0-14తో గెలిచింది. ఆ రోజు కెప్టెన్ కీరన్ మెగీనీ. ఆయనే 2015 సీజన్ నుంచి మేనేజర్. పదేళ్లలో తమ ప్రావిన్సు అల్స్టర్ టైటిల్ ఒక్కటి కూడా లేదు. 2022లో క్వార్టర్ ఫైనల్ పెనాల్టీల్లో గాల్వే చేతిలో ఓడారు. 2023లో అల్స్టర్ ఫైనల్ పెనాల్టీల్లో డెర్రీ చేతిలో, అదే ఏడాది క్వార్టర్ ఫైనల్ మళ్లీ పెనాల్టీల్లోనే మోనహన్ చేతిలో. ఆయన్ని ఉంచాలా మార్చాలా అని క్లబ్బుల ప్రతినిధులు ఓటు వేసే దాకా వచ్చింది. ఉంచారు.

2024 మే 12న డోనెగాల్‌తో అల్స్టర్ ఫైనల్‌కి మా లీడ్ నన్ను క్లోనిస్ తీసుకెళ్లారు. మోనహన్ కౌంటీలో చిన్న టౌన్, ఆ ఒక్క రోజు ఎక్కడెక్కడి జనం అక్కడే ఉంటారు. కారు ఎక్కడో దూరంగా పొలంలో ఆపి, డిక్కీ తెరిచి, ఫ్లాస్కులో టీ, గుడ్డు శాండ్‌విచ్‌లు, పక్క కారు డోనెగాల్ వాళ్లది అయినా వాళ్లకీ ఓ కప్పు. నార్మల్ టైమ్ అయిపోయింది, ఎక్స్‌ట్రా టైమ్ అయిపోయింది, 0-20, 0-20. మళ్లీ పెనాల్టీలు. మా లీడ్ మైదానం వైపు వీపు పెట్టి నిలబడ్డారు, ఒక్కో కిక్‌కీ జనం అరుపు విని ఏ వైపు నుంచి వచ్చిందో దాన్నిబట్టి లెక్కేసుకుంటున్నారు, నేను పక్కన నిలబడి ఏమీ చెప్పలేకపోయాను. 6-5తో డోనెగాల్ గెలిచింది. మూడేళ్లలో నాలుగోసారి. తిరిగి డండాక్ వచ్చే దాకా కార్లో ఎవ్వరం మాట్లాడలేదు. ఆ రోజు ఎవరైనా నాతో ఇదే జట్టు జులైలో కప్పు ఎత్తుతుందంటే నమ్మేవాణ్ని కాదు.

ప్రావిన్స్ ఫైనల్ ఓడినా ఆ ఏడాది ఫార్మాట్‌లో ఇంటికి పంపేయరు. పదహారు జట్లు, నాలుగు గ్రూపులు. అర్మా వెస్ట్‌మీత్‌ని, డెర్రీని ఓడించి, గాల్వేతో డ్రా చేసుకుని గ్రూపులో మొదటి స్థానం తెచ్చుకుంది, క్వార్టర్ ఫైనల్లో రాస్‌కామన్ని ఓడించింది. అటు గాల్వే క్వార్టర్ ఫైనల్లో బలమైన డబ్లిన్‌ని ఒక్క పాయింటుతో, 0-17, 0-16తో ఇంటికి పంపేసరికి టోర్నీ మొత్తం తలుపులు తెరుచుకున్నట్టయింది.

జులై 13, సెమీఫైనల్, కెర్రీ. ఇది టీవీలో చూశాను, మా లీడ్ వాళ్ల ఇంట్లో. ఆయన, వాళ్ల నాన్న మ్యాచ్ జరిగే డబ్లిన్ స్టేడియం క్రోక్ పార్క్ వెళ్లారు, ఇంట్లో వాళ్లమ్మగారు, నేను, ఇద్దరు మేనల్లుళ్లు. డెబ్బై దాటిన మనిషి, ఫస్టాఫ్ అంతా సోఫా అంచున కూర్చునే చూశారు. కెర్రీ ముందుకు పోగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. కాసేపటికి పైనుంచి దిగిన బంతిని కెర్రీ గోల్‌కీపర్ చేజార్చుకున్నాడు, బ్యారీ మెకాంబ్రిడ్జ్ గోల్ కొట్టాడు, పిల్లలు గోల గోల చేస్తున్నారు, ఆవిడ మాత్రం రాలేదు. మంచినీళ్ల కోసం వెళ్లి చూస్తే సింకు దగ్గర నిలబడి, కడిగి ఆరబెట్టిన కప్పుల్నే మళ్లీ కడుగుతున్నారు. "పెనాల్టీలకి పోతుందా?" అని అడిగారు, నా వైపు చూడకుండానే. ఎక్స్‌ట్రా టైమ్ అన్నాను. చీర కొంగుకి ముడులు వేసుకునే మా నాయనమ్మ గుర్తొచ్చింది నాకు, ఇండియా మ్యాచ్ చివరి ఓవర్లలో ఆవిడా ఇంట్లో ఉండేది కాదు, వాకిట్లోకి పోయి కూర్చునేది. 1-18, 1-16. పెనాల్టీలు లేకుండానే. లోపలికి వెళ్లి చెప్పాను, ఆ తడి చేతుల్తోనే నా రెండు చేతులూ పట్టుకున్నారు.

ఫైనల్ జులై 28న, క్రోక్ పార్క్‌లో 82,300 మంది. టికెట్లు ఎక్కువగా క్లబ్బుల ద్వారానే పంచుతారు కాబట్టి నాబోటి వాడికి దొరికే ప్రశ్నే లేదు, అడగడం కూడా న్యాయం కాదనిపించింది, ముప్పై ఏళ్లుగా పిల్లలకి ఆట నేర్పుతున్నవాళ్లు ఉంటారు కదా. మళ్లీ అదే ఇంట్లో కూర్చున్నాను. ఆటగా చూస్తే గొప్ప ఫైనల్ కాదు, ఇది నిజంగానే చెప్తున్నా. ఇద్దరూ వెనక్కి దిగిపోయి అడ్డుగోడ కట్టడం, బంతిని అటూ ఇటూ తిప్పడం, హాఫ్‌టైమ్‌కి సమం. తప్పులు చూసి విసుగొస్తుంది. కానీ సెకండాఫ్‌లో, సబ్‌గా వచ్చిన స్టెఫాన్ క్యాంబెల్ దూసుకొచ్చి గోల్ ముందుకి బంతి వేస్తే, అక్కడ ఉన్నది ఫార్వర్డ్ కాదు, ఫుల్‌బ్యాక్ ఆరన్ మెకే. డిఫెండర్‌కి అంత ముందు ఏం పని? ఎందుకో వచ్చాడు, నెట్‌లోకి కొట్టేశాడు. ఆ మ్యాచ్‌లో గోల్ అదొక్కటే. చివర్లో గాల్వే సమం చేసే అవకాశాలు తెచ్చుకుంది, ఏదీ లోపలికి పోలేదు. 1-11, 0-13. పద్నాలుగు, పదమూడు. ఒక్క పాయింటు.

ఈసారి ఆవిడ చివరి దాకా టీవీ ముందే ఉన్నారు. విజిల్ పడగానే ఏడవలేదు, అరవలేదు, లేచి వీధి తలుపు తెరిచి గుమ్మంలో నిలబడ్డారు. ఎదురింటివాళ్లూ తలుపు తీసుకుని అలాగే నిలబడ్డారు. ఎవరో కారు హారన్ మొదలుపెట్టారు, ఆ తర్వాత ఊరంతా అర్మా రంగు ఆరెంజ్ జెండాలే. రాత్రి మోటర్‌వే మీద డబ్లిన్ నుంచి వచ్చే కార్ల వరస చూడాల్సింది, కిటికీల్లోంచి జెండాలు బయటికి పెట్టుకుని, అలసిపోయిన పిల్లలు వెనక సీట్లో నిద్రపోతూ.

మీరు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, అది పాత రూల్స్‌తో జరిగిన చివరి ఛాంపియన్‌షిప్. 2025లో చాలా మార్చారు, 40 మీటర్ల గీత బయటినుంచి కొడితే రెండు పాయింట్లు, జట్టులో ముగ్గురు ఎప్పుడూ ప్రత్యర్థి సగంలోనే ఉండాలి, అడ్డుగోడ కట్టడం కష్టమైంది. ఆ ఏడాది ఫైనల్లో కెర్రీ డోనెగాల్‌ని 1-26, 0-19తో ఓడించింది, స్కోరు చూస్తేనే ఆట ఎంత మారిందో తెలుస్తుంది. అందం కావాలంటే 2025 చూడండి, నేను కాదనను. కానీ పక్క సీట్లో మనిషికి టెన్షన్ ఎందుకో తెలియాలంటే 2024లో మూడు మ్యాచ్‌లు వరసగా చూడండి: ముందు క్లోనిస్, తర్వాత కెర్రీ, తర్వాత ఫైనల్. క్లోనిస్ వదిలేసి నేరుగా ఫైనల్‌కి వెళ్లొద్దు. వచ్చే ఏప్రిల్‌లో ప్రావిన్స్ మ్యాచ్‌లు మొదలయ్యాక ఆఫీసులో ఎవరిది ఏ కౌంటీయో అడగండి, అడిగితే చాలు, కార్లో సీటు వాళ్లే ఇస్తారు.