సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎం.ఎస్సీ: కాలేజీని ఎంచుకునే ముందు ఏం చూడాలి?

బి.ఎస్సీ నర్సింగ్ తరువాత మూడేళ్లు ఐసీయూలో పనిచేసిన మీరు, మానసిక ఆరోగ్య విభాగంలో పెద్ద బాధ్యతలకు సిద్ధం కావాలంటే హైదరాబాద్‌లోనే ఎం.ఎస్సీ చేయాలా, అమెరికాలోని నర్స్ ప్రాక్టీషనర్ చదువు వైపు చూడాలా అని అడిగారు. సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎం.ఎస్సీ చేసి, పదకొండేళ్లుగా ఈ నగరంలో విద్యార్థినులను వార్డు పోస్టింగులకు తీసుకువెళుతున్నదాన్ని కనుక నా అనుభవం చెబుతాను.

ఈ రెండూ ఒకే పనికి దారితీసే చదువులు కావు. అమెరికాలో ఆ కోర్సు చేసినవారు రోగనిర్ధారణ చేస్తారు, రాష్ట్ర చట్టాన్ని బట్టి మందులూ రాస్తారు. మన రెండేళ్ల ఎం.ఎస్సీ పట్టా దానంతట అదే మందులు రాసే అధికారం ఇవ్వదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జనరల్ నర్సింగ్ చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైనవారిని కూడా మెంటల్ హెల్త్ నర్సుగానే గుర్తిస్తుంది కాబట్టి, పేరు మీకు ఇప్పటికే ఉన్నట్టే, ఉండవలసింది నైపుణ్యం.

ఆ నైపుణ్యం నాకు ప్రాసెస్ రికార్డింగ్ వల్ల అబ్బింది. రోగి అన్న మాట, మనం అన్న మాట, ఆ క్షణంలో మన మనసులో కలిగినది పక్కపక్కన రాసి టీచరుతో కూర్చొని చదివే అభ్యాసమది. నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు మహిళల వార్డులో ఒక తల్లి కిటికీ ఊచలు పట్టుకొని, "బతకబుద్ధి అయితలేదు సిస్టర్" అన్నారు. "అట్లా అనొద్దమ్మా, పిల్లల ముఖం చూసి ధైర్యం తెచ్చుకోండి" అన్నాను. ఆమె ఆ పూట మళ్లీ నోరు విప్పలేదు. మా మేడమ్ ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, "ఇది ఆమె కోసం అన్నావా, నీ భయం పోవడానికి అన్నావా?" అని అడిగారు. మరునాడు ఆ తల్లి పక్కన కూర్చొని, చనిపోవాలన్న ఆలోచన ఎప్పటి నుంచి ఉంది, ఎలాగన్నది కూడా అనుకున్నారా అని నెమ్మదిగా, సూటిగా అడిగాను. చాలాసేపటికి ఆమె లేచి, మింగకుండా దిండు గలీబులో దాచిన మాత్రలు తీసి నా చేతిలో పెట్టారు.

మీ ఐసీయూ అనుభవం వృథా పోతుందన్న బెంగ పెట్టుకోకండి. మే నెల ఎండల్లో, మనోస్థితి ఒడిదుడుకులకు ఇచ్చే లిథియం వాడుతున్న రోగికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి రక్తంలో ఆ మందు పెరిగిపోతుంది. దానికి గుర్తుగా టీ గ్లాసు పట్టుకున్న చేయి పెద్దగా వణకడం చూసి వెంటనే డాక్టరుకు చెప్పి, రక్తపరీక్షకు పంపించే చూపు మీకు తొందరగా అబ్బుతుంది.

విదేశంలో స్థిరపడే ఉద్దేశం ఉంటేనే అమెరికా చదువు గురించి ఆలోచించండి. ఇక్కడే పనిచేయాలనుకుంటే ఇక్కడి ఎం.ఎస్సీయే మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తెలంగాణ పల్లెల మాటలోనూ పాతబస్తీ ఉర్దూలోనూ బాధను వినడం ఇక్కడి వార్డుల్లోనే వస్తుంది. అయితే ఫీజు కట్టేముందు ఆ కాలేజీ రెండో సంవత్సరం విద్యార్థినులను కలిసి, రోగి వివరాలు కనబడకుండా ప్రాసెస్ రికార్డింగ్ పుస్తకాల్లో టీచరు రాసిన వ్యాఖ్యలు చూపించమనండి. సంతకం తప్ప మరేమీ లేకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.