లాగోస్ పెళ్ళికి పట్టుచీరేనా?

చిన్నీ,

ఆఫీసు అమ్మాయి పెళ్ళికి కంచిపట్టు కట్టుకెళ్ళనా అని అడిగావు. ఆగు. ముందు ఆ అమ్మాయినే "అషో ఎబీ ఉందా?" అని అడుగు. నైజీరియాలో యొరుబా తెగవాళ్ళ పెళ్ళిళ్ళలో చుట్టాలు, స్నేహితులు అందరూ ఒకే రకం బట్ట కొని ఎవరికి నచ్చినట్టు వాళ్ళు కుట్టించుకుంటారు. అషో ఎబీ అంటే ఇంటివాళ్ళ బట్ట అని. ఆడపెళ్ళివారిది ఒక రంగు, మగపెళ్ళివారిది ఇంకో రంగు. నిన్నూ కొనమన్నారంటే తమలో కలుపుకున్నట్టే. ధర ఎక్కువనిపించినా బేరమాడకు, బాగుండదు.

ఉత్త రంగు మాత్రం చెబితే బాలోగున్ మార్కెట్‌కి వెళ్ళి 5 గజాల లేసు పీసు తీసుకో. పైన బుబా అనే వదులు జాకెట్టు, కింద చుట్టుకునే ఇరో. పెళ్ళికూతురు ఇగ్బో తెగ అమ్మాయి అయితే జార్జ్ బట్ట అడుగు. ఆ పేరు మన మద్రాసు సెయింట్ జార్జ్ కోట నుంచే వచ్చిందంటారు, చూడు ఎక్కడిదెక్కడికో!

అసలు కష్టమంతా గెలె దగ్గరే, అదే తలపాగా. అట్టలా బిరుసుగా ఉండే బట్టని మడత మీద మడత పెట్టి, వెనక్కి లాగి బిగిస్తారు. మొదటిసారి నాకు కట్టినప్పుడు గంటకల్లా కణతలు పీకేశాయి, నవ్వుతూనే కూర్చున్నాను. జుట్టు చదునుగా దువ్వుకో, కొప్పు ఎత్తుగా పెట్టావో గెలె కూర్చోదు. కమ్మలు ముందే పెట్టేసుకో. శనివారం పొద్దున కట్టేవాళ్ళు దొరకరు, ఇప్పుడే మాట్లాడుకో. అంత టెన్షన్ వద్దనుకుంటే ముందే కట్టి అమ్మే గెలెలుంటాయి, టోపీలా పెట్టుకోవడమే.

చీర మీదే మనసుంటే వాళ్ళు చెప్పిన రంగులోనే కట్టి, పైన గెలె పెట్టు. నేనలా ఒకసారి వెళితే ఫొటోలకి లైను కట్టారు. తెల్లచీర మాత్రం వద్దు.

చెప్పులు ఎత్తుమడమలవి వద్దు, డాన్సు తప్పదు. అక్కడ జంట మీద నోట్లు చల్లడం చూస్తావు. 2007 నాటి నైజీరియా సెంట్రల్ బ్యాంక్ చట్టం ప్రకారం అది నేరం. నువ్వు కవరులో పెట్టి ఇవ్వు.

టైలరుకి పెళ్ళి తేదీ వారం ముందుకి జరిపి చెప్పు. నాకు ఒకాయన పెళ్ళి రోజు మధ్యాహ్నం బుబా ఇచ్చాడు, ఒక చెయ్యి పొట్టి. కొలతలకి వెళ్ళేటప్పుడు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

పెద్దమ్మ