రాత్రి భోజనం మానకు తల్లీ

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

సెకండాఫ్‌లో కాళ్లు బరువెక్కుతున్నాయని, బరువు తగ్గితే వేగం పెరుగుతుందని నువ్వు రాత్రి భోజనం మానేశావట. మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఇన్నేళ్లు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పినదాన్ని కదా, నాకు తెలిసింది చెప్తాను. అలా కాళ్లు ఈడ్చుకొచ్చేది చాలాసార్లు తిండి చాలకే.

అన్నం, రొట్టె, బంగాళాదుంప, పళ్లలోని పిండిపదార్థం కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్‌గా నిలవ ఉంటుంది. స్ప్రింట్‌కి కావలసిన శక్తి ముఖ్యంగా అదే. పెద్దవాళ్ల ఆటలో 90 నిమిషాల్లో ఒక్కొక్కరు 10 కిలోమీటర్ల దాకా పరుగెడతారు. రాత్రి తినక, పొద్దున ఓ కప్పు టీతో సరిపెట్టుకుని దిగితే ఆ నిలవ ఎంతసేపు వస్తుంది?

మ్యాచ్‌కి మూడు గంటల ముందు కడుపునిండా తిను, నూనె మాత్రం తక్కువగా ఉండాలి. గంట ముందు ఆకలేస్తే అరటిపండు చాలు. టెన్షన్‌తో ముద్ద దిగకపోతే పాలలో పండు కలిపి తాగు. అయితే అది ముందు ప్రాక్టీస్ రోజుల్లో తాగి చూసుకో, మ్యాచ్ రోజున కొత్తవేవీ పెట్టుకోకు. ఆట అయ్యాక గంటలోపే ఏదో ఒకటి తిను. ప్రోటీన్ పౌడర్ కోసం మీ నాన్నను వేధించకు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 8 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. రెండు గుడ్లు, గ్లాసు పాలు తీసుకుంటే ఆ పూటకి సరిపోతుంది. ఎనర్జీ డ్రింకుల జోలికి అసలు పోవద్దు, వాటిలో కెఫీన్ ఎక్కువ.

ఇక అసలు సంగతి. నీ వయసులో నేనూ ఇదే చేశాను. సన్నగా ఉంటేనే వేగమని మా కోచ్ అనేవారు, నేను నమ్మాను. నెలసరి ఆగిపోయింది. గట్టిగా ఆడేవాళ్లకు మామూలేలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. కొన్ని నెలలకు ముంగాలి ఎముకలో సన్నని చీలిక వచ్చింది, ఆ సీజనంతా మంచంలోనే గడిచింది. ఒంటికి చాలినంత శక్తి అందకపోతే ఇలా హార్మోన్లు, ఎముకలు, మూడ్ అన్నీ దెబ్బతింటాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. అబ్బాయిలకూ వస్తుంది, కాకపోతే వాళ్లకు నెలసరి లాంటి హెచ్చరిక ఉండదు. ఎముకలు గట్టిపడేది చాలావరకు నీ వయసులోనే. ఇప్పుడు పోగొట్టుకున్నది తర్వాత పూర్తిగా రాదు తల్లీ. అందుకే సిగ్గుపడకుండా అడుగుతున్నా, నీకు నెలసరి సరిగ్గా వస్తోందా? మూడు నెలలు రాకపోతే వెంటనే డాక్టరుకి చూపించాలి. ఎప్పుడూ నీరసంగా ఉంటే రక్తంలో ఐరన్ కూడా చూడమను. ఆకుకూరలు, పప్పులు తినేటప్పుడు నిమ్మరసం పిండుకో, ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది.

నీళ్ల సంగతి కూడా చూసుకో. ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకుంటే, ఎన్ని కిలోలు తగ్గావో దాదాపు అన్ని లీటర్ల నీళ్లు ఒంట్లోంచి పోయినట్టు. తగ్గింది నీళ్లే, కొవ్వు కాదు. అది చూసి సంతోషపడి ఇంకో పూట మానేవు!

ఈ రాత్రి మాత్రం అమ్మ పక్కన కూర్చుని కడుపునిండా తిను. ఆదివారం ఫోన్ చేస్తాను, నేనడిగినదానికి జవాబు చెప్పాలి.

మీ పెద్దమ్మ